తొమ్మిదో రోజు విప్పిన సెంట్రింగు

శామన్న మీద పోర్టికో స్లాబు పడినప్పుడు నేను పదడుగుల దూరంలో ఇటుకలు తడుపుతున్నాను. గట్టి కాంక్రీటు విరిగితే ఫెళ్ళుమనాలి. ఇది నానిన మట్టిమిద్దెలాగా దబ్బున కూర్చుంది. దుమ్ము తగ్గాక చూస్తే రెండు కాళ్ళు, ఒక చెప్పు, ఆయన చివరగా తీసిన సపోర్టు కర్ర కనిపించాయి. పన్నెండు మందిమి వట్టి చేతులతో తవ్వాము. పెళ్ళలు మా వేళ్ళకింద పొడి అయిపోతున్నాయి. ముఖం దొరికేసరికి శామన్న నోటినిండా ఆ పొడే ఉంది. మంగంపేట గనుల్లో పదేళ్ళు పనిచేసి ఒంటిమీద గీత పడకుండా తిరిగొచ్చిన మనిషి, కడప రింగురోడ్డు పక్కన ఆడపిల్లల హాస్టలు వాకిట్లో చచ్చిపోయాడు.

పైన కిటికీల్లోంచి ఆ పిల్లలు కేకలు వేస్తున్నారు. ఆ హాస్టలుకు రెండంతస్తులకే పర్మిషను. ఆ రెండింట్లో నాలుగువందల మంది ఆడపిల్లలు నిద్రపోతుండగానే కాంట్రాక్టరు ఓబుళేశు మూడో అంతస్తు లేపుతున్నాడు. శవాన్ని ఇంకా పూర్తిగా బయటికి తీయకముందే కారు దిగి, చనిపోయిందెవరని కూడా అడగకుండా మా మీదికి వచ్చాడు.

"సెంట్రింగు విప్పమనింది ఎవుర్రా? తొమ్మిదో రోజే విప్పినారు గదరా! రేపు పోలీసోళ్ళు అడిగితే ఏం చెప్తారు?"

 విప్పుతామని అడిగింది మేమే.

మా ఊళ్ళో నలభై ఇళ్ళవాళ్ళం తాతల కాలం నుంచి రేకుల చర్చిలో ప్రార్థన చేసుకుంటున్నాము. ఎండాకాలం ఆ రేకుల కింద ముసలోళ్ళు సొమ్మసిల్లి పడిపోతారు. "మీ దేవునికి నేను మిద్దె వేయిస్తా" అన్నాడు ఓబుళేశు. మేం పొంగిపోయాము. కానీ దానికి కావాల్సిన సెంట్రింగు రేకులు, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా కింద మోసేవి, హాస్టలు పోర్టికో కింద ఉన్నాయి. ఇరవై ఒక్క రోజులు ఉంచాల్సినవి. ఈస్టరు కొత్త మిద్దె కింద జరుపుకోవాలని మాకు తొందర. సంఘపెద్ద దావీదురాజు, మా సెంట్రింగు గుంపుకు కూడా ఆయనే పెద్ద, వెళ్ళి అడిగాడు. ఓబుళేశు ఒక్కమాట ఎదురు చెప్పకుండా "తీసుకుపోండప్పా" అన్నాడు. కూలితే తప్పు మా మీదికి తోయడానికే ఆ మంచితనమని మాకు అప్పుడు తట్టలేదు.

శామన్న తాగి ఉన్నాడని పోలీసులు రాసుకున్నారు. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. సమాధి చేసిన నాలుగో రోజు ఓబుళేశు మా చర్చికి స్లాబు పోయించాడు. అవే సెంట్రింగు రేకులు. రెండు రేకులమీద శామన్న నెత్తురు మరకలు ఉంటే నీళ్ళు కొట్టి కడిగాము. ఆరోజు ఓబుళేశు బిర్యానీ పంపితే కూడా తిన్నాము. సిగ్గుతో చెప్తున్నాను, నేను కూడా తిన్నాను.

నా పాపం ఇంకొకటి ఉంది. స్లాబు పోసే ప్రతిసారీ కొంచెం కాంక్రీటు తీసి జానెడు అచ్చుల్లో పోసి, ఆరాక ల్యాబుకు పంపుతారు. అక్కడ మిషను కింద నలిపి బలమెంతో చూస్తారు. వాటిని క్యూబులంటారు. ఓబుళేశు పనిలో క్యూబులు పోసే మేస్త్రీని నేను. స్లాబులోకి పోయేది వేరు. అందులో సిమెంటు సగం, ఇసుకకు బదులు నాపరాళ్ళ ఫ్యాక్టరీలో పారేసే పొడి. క్యూబులకు మాత్రం విడిగా బాండ్లీలో మంచి ఇసుక, నిండా సిమెంటు. ఆరేళ్ళలో నా క్యూబు ఒక్కటి కూడా ఫెయిలు కాలేదు. "వసంతకుమారు చెయ్యి పడితే రాయి" అని సూపర్‌వైజరు హనుమేష్ అంటే మురిసిపోయేవాణ్ణి. మిగిలిన క్యూబు ఒకటి ఇంటికి తెచ్చి తలుపుకు అడ్డం పెట్టుకున్నాను. శామన్న పోయాక ఆ తలుపు దాటకుండా పెరటి దారిన తిరిగేవాణ్ణి.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు, కొత్త మిద్దె కిందే ఆరాధన అయ్యాక ఎవరూ లేవలేదు. శామన్న భార్య కృపమణి వదిన లేచి నిలబడింది. ఆమె పక్కన ఒక కాలేజీ పిల్ల, పేరు సుప్రజ. ఆ హాస్టల్లోనే ఉంటుంది. ఆరోజు కిటికీలోంచి చూసిన పిల్లల్లో ఒకతె.

"కలెక్టరుకు అర్జీ పెడతాండా. ఎవురెవురు సంతకం పెడతారో చెప్పండి" అంది వదిన.

గుసగుసలు మొదలయ్యాయి. వెనకనుంచి ఒకడు లేచాడు. "పెడితే సైటుకు సీలేస్తారు. మన పని పోతాది. ఓబుళేశును కాదని కడపలో మనకు పనిచ్చేవాడు యాడుండాడు?"

"పని పోతే ఇంకో పని. నాలుగువందల మంది పిల్లోళ్ళు పోతే?" అంది సుప్రజ.

"నువ్వు సదువుకునేదానివి తల్లీ. ఆ రూము గాకుంటే ఇంకో రూము సూసుకుంటావు. మాకు ఇంకో బతుకు లేదు" అన్నాడు అతను.

దావీదురాజు పెదనాయన బల్లమీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ముసలాయన ముఖం నాలుగు వారాల్లో పీక్కుపోయింది. "అమ్మా కృపా, విప్పిచ్చింది నేను. అర్జీ పెడితే ముందు నన్ను కడుగుతారు. నా జైలు సంగతి ఇడిసిపెట్టు. దేవుని మిద్దె కోసం అడిగి మనిషిని సంపుకుంటిమని లోకం నవ్వుతాది. ఓబుళేశు మన సంఘానికి శానా చేసినాడు. వద్దమ్మా."

నేను ఇంక కూర్చోలేకపోయాను. లేచి క్యూబుల సంగతంతా చెప్పేశాను. ఆరేళ్ళ అబద్ధం. ఎవడో "థూ" అన్నాడు. నిజమే, ఉమ్మాల్సిందే. ఆ ఊపులోనే సంచిలోంచి సుత్తి, ఉలి తీసి, స్టూలెక్కి మా కొత్త చర్చి దూలానికి ఉలి ఆనించి కొట్టాను. ఒక్క దెబ్బకు ఉలి వేలెడు లోపలికి దిగింది. పిండిలాంటి పొడి కింద కూర్చున్న ఆడవాళ్ళ కొంగుల్లో పడింది.

"ఈ మిద్దెకు సెంట్రింగు ఇరవై ఒక్క రోజులు ఉన్నింది. లెక్కబెట్టి విప్పినాం. దీన్నెవురు తొందర పెట్టినారు పెదనాయనా?"

ఆయన ఆ పొడిని అరచేతిలోకి తీసుకొని నలిపి చూశాడు. ఆయన మనవరాళ్ళు కూర్చునేది సరిగ్గా ఆ దూలం కిందే.

సుప్రజ అర్జీ రాసింది. ఓబుళేశు నేరాలు మాత్రమే రాయబోతే కృపమణి వదిన ఆపింది. "మేం తొందరపడింది రాయి. ఈయప్ప దొంగ క్యూబులు పోసింది రాయి. మా తప్పు మేం దాసిపెడితే వాడు దాంతోనే మా నోరు మూస్తాడు. రాయమ్మా, అన్నీ రాయి." నలభై ఒక్క మంది సంతకాలు, వేలిముద్రలు వేశారు. మొదటి సంతకం దావీదురాజుది.

సోమవారం అర్జీ ఇచ్చాము. అందులో ఏముందో ఆరోజు సాయంత్రానికే ఓబుళేశుకు తెలిసిపోయింది. మంగళవారం పట్టపగలు, మా ఊరి బస్టాండు దగ్గర టీకొట్టు ముందు, హనుమేష్ ఆరుగురిని వెంటేసుకొని వచ్చాడు. ఇద్దరు నన్ను బోర్లా పడేసి కుడిచెయ్యి రాతిమీద పెట్టి తొక్కిపట్టారు. "ఈ చేత్తోనే గదా క్యూబులు పోసింది?" అని రాడ్డుతో కొట్టాడు హనుమేష్. మూడో దెబ్బకు ఎముక చర్మం చీల్చుకొని బయటికి వచ్చింది. చుట్టూ నలభై మంది చూస్తున్నారు. జారిపడ్డాడని స్టేషన్లో రాసుకున్నారు. కలెక్టరాఫీసు నుంచి మాకు వచ్చిన జవాబు ఒకటే వాక్యం: పరీక్ష రిపోర్టులు సంతృప్తికరంగా ఉన్నవి. అవి నా క్యూబుల రిపోర్టులే.

గుడ్‌ఫ్రైడే నాడు చర్చి మిద్దెకు రిబ్బను కత్తిరించడానికి ఓబుళేశు వస్తానన్నాడు. ఆ రిపోర్టుల మీద సంతకం పెట్టిన ఇంజనీరును కూడా వెంటబెట్టుకొని రెండు కార్లలో వచ్చాడు. వెనక హనుమేష్ గుంపు. కడప నుంచి సుప్రజ అరవై మంది పిల్లల్ని బస్సులో తీసుకొచ్చింది. పెద్ద జనమే అయింది.

కృపమణి వదిన ఇంజనీరు కాళ్ళ ముందు రెండు పెట్టింది. ఒకటి మా ఇంటి తలుపు దగ్గరి క్యూబు. రెండోది శామన్న మీద పడిన పెళ్ళ. అది ఆమె నెల రోజులుగా ఇంట్లో దాచుకున్నది. సమ్మెట ఎత్తి క్యూబుమీద వేసింది. నిప్పురవ్వ లేచింది, క్యూబు చెక్కు చెదరలేదు. మళ్ళీ వేసింది. ఏమీ కాలేదు. పెళ్ళమీద ఒక్క దెబ్బ వేసింది. అది చెల్లాచెదరైపోయింది.

"సారూ, నువ్వు సంతకం పెట్టింది దీనికి. నా మొగుడి మీద పడింది ఇది. ఈ రెండూ ఒకటేనా? నోరు తెరిసి సెప్పు!"

ఇంజనీరు ఓబుళేశు వైపు చూశాడు. "తాగుబోతు ముండమోపి మాటలకేం గానీ, పదండి సార్" అన్నాడు ఓబుళేశు. ఆ మాట అతని నోట్లో ఉండగానే వదిన అతని చెంప పగలగొట్టింది.

హనుమేష్ గుంపు మా మీద పడింది. కర్రలు, రాడ్లు, రాళ్ళు. ఒకడు వదిన జుట్టు పట్టి ఈడ్చాడు. సుప్రజ నుదురు పగిలి నెత్తురు కళ్ళలోకి కారుతున్నా వీడియో తీస్తున్న ఫోను మాత్రం దించలేదు. మొన్న టీకొట్టు దగ్గర చూస్తూ నిలబడ్డవాళ్ళలో సగం మంది ఈరోజు పారలు పట్టుకొని మా వైపు వచ్చారు. హనుమేష్ చేతిలోని రాడ్డును వాళ్ళే లాక్కున్నారు. అతను కిందపడి లేవబోతే ఆడవాళ్ళు చెప్పులతో కొట్టారు. నా పనికిరాని చెయ్యి గుండెకు కట్టుకొని నేను ఎడంచేత్తో రాళ్ళు అందించాను. దానికి నాకు పశ్చాత్తాపం లేదు.

ఆ గోలలో పైనుంచి దావీదురాజు గొంతు వినిపించింది.

"లోపలుండేవాళ్ళంతా బయటికి రండి! పిల్లోళ్ళను దూరం తీస్కపోండి!"

ముసలాయన నిచ్చెనేసుకొని చర్చి మిద్దె ఎక్కాడు. చేతిలో సమ్మెట. ఓబుళేశు అరిచాడు: "ఏం జేస్తాండావు ముసలోడా! అది నేను కట్టించిన మిద్దె!"

"అందుకే పగలగొడతాండా" అన్నాడు పెదనాయన.

నాలుగో దెబ్బకు సమ్మెట మిద్దెలోనుంచి కిందికి దిగిపోయింది. సెంట్రింగు గుంపంతా పైకెక్కింది. కొన్ని దశాబ్దాలు కలగన్న మిద్దెను మా వాళ్ళే ఏడుస్తూ పగలగొట్టారు. కింద ఆడవాళ్ళు ఏడుస్తూనే కీర్తన ఎత్తుకున్నారు. పెళ్ళలు పెళ్ళలుగా రాలుతుంటే ఆ కంతల్లోంచి గోడలమీదికి ఎండ పడింది. ఇంజనీరు కారెక్కి వెళ్ళిపోయాడు.

పోలీసులు లాఠీలతో వచ్చారు. దొరికినవాణ్ణి దొరికినట్టు బాదారు. పద్నాలుగు మందిమి వ్యానెక్కాము. ప్రార్థనాలయం ధ్వంసం చేసి మతభావాలు గాయపరిచామని కేసు, ఫిర్యాదుదారు ఓబుళేశు. ఎవరి చర్చి అని అడిగాము. మాదేనట. ఎవరి భావాలు అని అడిగాము. ఇన్‌స్పెక్టరు నోరు మూసుకోమన్నాడు.

వ్యాను రింగురోడ్డు మీదికి వచ్చి ఆగిపోయింది. ముందు దారి లేదు. మిగిలిన మూడువందల పైచిలుకు ఆడపిల్లలు పెట్టెలు, పరుపులు, బకెట్లు హాస్టల్లోంచి మోసుకొచ్చి రోడ్డు నడుమ పెట్టి, వాటిమీద కూర్చున్నారు. సుప్రజ పంపిన వీడియో వాళ్ళందరి ఫోన్లలోనూ ఉంది. పక్క సైట్ల కూలీలు పనులాపి వాళ్ళ పక్కన వచ్చి నిలబడుతున్నారు. ఇంకో హాస్టలు కట్టే మేస్త్రీ ఒకడు, నేనెప్పుడూ చూడనివాడు, వ్యాను కిటికీ దగ్గరికి వచ్చి తన సంచిలోని దొంగ క్యూబు నాకు చూపించాడు.

ఇన్‌స్పెక్టరు చెమటలు తుడుచుకుంటూ కాగితం తీశాడు. "మొదటి దెబ్బ ఎవరు కొట్టినారో చెప్పండి. మిగతావాళ్ళను వదిలేస్తా."

దావీదురాజు పెదనాయన నెత్తురు కారుతున్న పెదవి తుడుచుకున్నాడు.

"తొమ్మిదో రోజు సెంట్రింగు విప్పిచ్చింది నేను. ఆ తప్పు ముందు రాసుకో. ఈరోజు మొదటి దెబ్బ కూడా నాదే, అది కింద రాసుకో. ఇంగ ఈ పిల్లోళ్ళు ఖాళీ జేసిన హాస్టలుకు దెబ్బ ఎవురేస్తారో, దిగి బయట అడుగుపో."

బయట కూలీలు అప్పటికే సమ్మెటలు భుజాన వేసుకొని, ఖాళీ అయిన హాస్టలు మూడో అంతస్తుకు మెట్లెక్కుతున్నారు.