పెద్ద చుక్కల సెట్టు

అబిడ్స్‌లో ఓ బట్టల దుకాణం పైనున్న ఏసీ నుంచి చల్లటి చుక్క తబిత మెడ మీద పడింది. లావు చుక్క. అంతే, వార్డులో తాను పెట్టి వచ్చిన సెలైన్ గుర్తొచ్చింది.

"అక్షితా, నేను పెట్టింది పెద్ద చుక్కల సెట్టే!" అని స్నేహితురాలి చెయ్యి వదిలేసి వెనక్కి తిరిగింది.

నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది తబిత. నాంపల్లి దవాఖానలో డ్యూటీ దిగే ముందు వార్డులో అందరూ పెద్దమ్మా అని పిలిచే ముసలి పేషెంటుకు పొటాషియం కలిపిన సెలైన్ పెట్టి వచ్చింది. చిన్న చుక్కలు రాల్చే సెలైన్ గొట్టం సెట్టుకని నిమిషానికి అరవై మూడు చుక్కలు లెక్కగట్టింది. విక్టోరియా సిస్టర్ చూసి సరేనంది. ఈలోగా ఆ సెట్టును పక్క వార్డు వాళ్లు పట్టుకుపోయారు. తబిత చేతికందిన మామూలు సెట్టు తగిలించింది. దాని చుక్క మూడింతలు పెద్దది. సెట్టు మారింది, లెక్క మారలేదు. ఎనిమిది గంటల మందు మూడు గంటలైనా పట్టకుండా ఎక్కేస్తే పెద్దమ్మ గుండె ఆగిపోవచ్చు.

సిస్టర్ ఫోన్ ఎత్తలేదు.

"స్టేషన్ రోడ్ మొత్తం జామ్ ఉంది మేడం. నడిచిపోతెనే జల్ది పోతరు," అన్నాడు ఆటో అతను.

పరుగు తీసింది. లెక్కల్లో క్లాసు ఫస్టట! ఆ గీరలో సగం సెట్టు మీద పెట్టి ఉంటే ఇప్పుడీ పరుగు ఉండేది కాదు. అరవై మూడును మూడుతో భాగించింది. ఇరవై ఒకటి. ప్రభువా, ఇరవై ఒకటి. పొద్దున ఆ ముసలామెను ఎంత కసిరింది! నరం దొరక్క మోచేతి మడతలో సూది పెట్టారు. ఆమేమో చెయ్యి మడుస్తుంది, మందు ఆగిపోతుంది.

వార్డులో పెద్దమ్మ కళ్లు మూసుకుని కదలకుండా పడుకుని ఉంది. తబిత ఆమె మీదికి వంగింది. అప్పుడు వినిపించింది గురక. సూది ఉన్న చెయ్యి చెంప కింద మడిచి ఉంది. సీసా దాదాపు నిండుగానే ఉంది. తబిత చుక్కల్ని ఆపే సెట్టు చక్రం బిగించేసింది.

పెద్దమ్మ ఉలిక్కిపడి లేచింది. "కోపం జేయకు బిడ్డా. నిద్రల మడతవడ్డది."

విక్టోరియా సిస్టర్ వచ్చింది. "ఏంది పెద్దమ్మా, మళ్ల మడిచినవా? ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

పెద్దమ్మ తల దించుకుంది. తబిత నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆ దించుకున్న తలను చూడలేకపోయింది.

"ఆమెను అనకున్రి సిస్టర్. తప్పు నాది. సెట్టు మారింది, నేను లెక్క మార్చలే."

సిస్టర్ ముందు పెద్దమ్మ నాడి పట్టుకుంది. ఆ తర్వాతే తబిత వైపు చూసింది.

పెద్దమ్మకు ఇదేమీ అర్థం కాలేదు. "ఇగ చెయ్యి సాపాల్నా బిడ్డా?"

తబిత బిగించిన చక్రాన్నే మళ్లీ తడిమి చూసుకుంది. "ఆగు పెద్దమ్మా," అంది ఏడుస్తూ. "జరసేపు గట్లనే ఉండు."