ఇంట్లో పడుకుంటే లేవని కారు

కారు ఆ పొద్దున కూడా లేవలేదు.

అరుణకుమారి కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి, పోర్టికోలో బాలకృష్ణ డ్రైవరు సీట్లో కూర్చుని స్టార్టు బటను నొక్కుతూనే ఉన్నాడు. లోపల్నించి టిక్కుటిక్కుమన్న చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు.

"ఇదిగో, నీ మహారాణి లేవనంటాంది," అన్నాడు.

ఆ 'నీ' అన్నమాట ఆమెకు గుచ్చుకుంది. కానీ అది నిజమే. మార్కాపురంలో పెళ్ళిళ్ళకు పెళ్ళికొడుకు ఊరేగే పెద్ద కారు ఎప్పుడూ ఒంగోలు నించే రావాలి. "ఆ కారేదో మన దగ్గరే ఉంటే బాడుగకు తిప్పుకోవచ్చు గదా," అని ఆమె ఒకరోజు అన్నం వడ్డిస్తూ అనేసింది. హార్డువేరు దుకాణం సంగతుల్లో భార్యను ఏనాడూ ఒక్కమాట అడగని మనిషి ఆ మాట ఎందుకో పట్టుకున్నాడు. హైదరాబాదులో ఒక డాక్టరు వాడి వదిలేసిన పొడుగాటి నల్ల జర్మనీ కారు వాళ్ళ పోర్టికోలోకి వచ్చింది. తోలు సీట్లు, తాళం తిప్పకుండానే బయలుదేరే ఇంజను. రెండు పెళ్ళిళ్ళకు దర్జాగా పోయి వచ్చింది. ఆ తర్వాతే ఈ జబ్బు పట్టుకుంది.

"గురువారం యర్రగొండపాలెం పెండ్లి ఉంది. ఆపొద్దు గూడ ఇట్లనే చేస్తే, కొంటానన్న దర్శి ఆయనకు ఫోను చేసి ఇచ్చేస్తా," అన్నాడు బాలకృష్ణ. కోపంగా అనలేదు. దుకాణంలో అమ్ముడుపోని సరుకు గురించి మాట్లాడినట్టు మామూలుగా అన్నాడు. కారు పోతే పోయింది. కానీ ఆ తర్వాత ఈ ఇంట్లో తన ఆలోచన ఇంకెవరూ అడగరు, తనకూ నోరు తెరవబుద్ధి కాదు. అది మాత్రం అరుణకుమారికి బాగా తెలుసు.

మెకానిక్ నాగులు వచ్చి, తన బండి బ్యాటరీ నించి వైర్లు తగిలించి కారును లేపాడు.

"బ్యాటరీ మొన్న ఏసిందే గదక్కా. చార్జింగు గూడ బాగా ఎక్కతాంది. ఒంగోల్లో కంప్యూటరు పెట్టి చూసినోళ్ళు గూడ ఏం లేదనిరి. నా షెడ్డులో మూడ్రోజులు పెట్టుకుంటిని, ఒక్కరోజన్నా మొరాయించలా. మీ ఇంటికి రాంగానే దీనికేమైతాదో!"

"దిష్టి," అంది గడపలో కూర్చున్న అత్తగారు పాపమ్మ. "నల్లబండి. ఊరు ఊరంతా నోరు తెరుచుకోని చూసె."

నాగులు కారును కాస్త ముందుకు తియ్యబోయాడు. అది పీమని అరవడం మొదలుపెట్టింది. ఎదురుగా గేటు తెరిచే ఉంది, అడ్డంగా కోడిపిల్ల కూడా లేదు. శుక్రవారం నించీ ఇదొక రోగం.

అరుణకుమారి గ్లాసు గట్టుమీద పెట్టి కారు ముందు గొంతుక్కూర్చుంది. బంపరు మీద గుండ్రంగా, గుండీల్లాంటివి వరసగా ఉన్నాయి. ప్రతి గుండీ మీదా పసుపు, మధ్యలో కుంకుమ, ఎండి పెచ్చు కట్టాయి.

"నాగులూ, ఇవేంది?"

"అయి దాని కండ్లు లెక్కక్కా. ఎదురుగా ఏమన్నా ఉంటే కనుక్కోని అరుస్తాయి."

"అత్తా! దాని కండ్లలో పసుపు కొట్టినావు."

"నాకేం తెలుసు?" అంది పాపమ్మ. "గుండ్రంగా, వరసగా ఉండె. బొట్టు పెట్టేదానికే చేసినారనుకుంటి."

నాగులు స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. అరుణకుమారి తడిగుడ్డతో ఒక్కొక్క కన్నూ తుడిచింది. కారు నోరు మూసింది.

వంటింట్లోకి పోయిందేగానీ ఆమె మనసంతా పోర్టికోలోనే ఉంది. అరిచింది కారైనా, దాన్ని అరిపించింది ఈ ఇంటి మనిషి చెయ్యి. ఈ లేవని జబ్బు కూడా అట్లాంటిదేనా? పాలు విరిగితే పాలవాణ్ణి తిట్టేముందు గిన్నె చూసుకుంటాం కదా. షెడ్డులో లేచింది. గిద్దలూరులో తమ్ముడింటికి పోయినప్పుడు రెండు రాత్రులు వాళ్ళ వేపచెట్టు కింద పెట్టినా లేచింది. అంతెందుకు, పోర్టికోకు సున్నం వేయించిన రోజు రాత్రి వీధిలోనే పెడితే, తెల్లారి చక్కగా లేచింది. అయితే ఇల్లు కాదు. పోర్టికో.

ఆ పోర్టికోలో ఏముంది? ఆమె పోయి చూసింది. చెప్పుల స్టాండు. బియ్యం మూట. గోడకు పాత క్యాలెండరు. పైన ఫ్యాను కూడా లేదు. ఎలుకలేమైనా వైర్లు కొరుకుతున్నాయేమోనని మోకాళ్ళ మీద వంగి కారు కిందికి చూసింది.

"ఏం పోగొట్టుకున్నావే?" అంది పాపమ్మ.

"తెలిస్తే ఎతకనత్తా."

బుధవారం సాయంత్రం దీపం పెట్టేముందు దేవుడి గూడు తుడుస్తూ ఉంది. మధ్యాహ్నం బాలకృష్ణ భోజనానికి వచ్చి, కారు వీధిలోంచి పోర్టికోలోకి తెచ్చి పెట్టి, తాళం ఇంట్లో ఇచ్చి, స్కూటరు మీద దుకాణానికి పోయాడు. ఆ ఇంట్లో కొత్తగా ఏ తాళం వచ్చినా, పనయ్యాక దేవుడి పాదాల దగ్గర పెట్టి పువ్వు పెట్టాలి. అది పాపమ్మ పెట్టిన కట్టు. కారు తాళం మాత్రం రెండో పెళ్ళి అయ్యాకే అక్కడికి చేరింది. గూట్లో తడిగుడ్డ ఆడించడానికి అరుణకుమారి కారు తాళం తీసి, వంటింట్లో స్టూలు మీద పెట్టింది. తుడవడం అయ్యాక మళ్ళీ గూట్లో, గోడకు ఆనించి పెట్టింది.

కిటికీ అవతల జుయ్యిమని చిన్న చప్పుడు. చూస్తే ముడుచుకుని ఉన్న కారు పక్క అద్దాలు చెవుల్లాగా విచ్చుకుంటున్నాయి.

ఒంటరిగా ఉన్న కారు ఎవర్ని చూసి చెవులు రిక్కించింది? ఆమె గుడ్డ వదిలేసి, ఉత్త చేతులతో బయటికి నడిచింది. తలుపు పిడి మీద చెయ్యి వేసింది. టక్కుమని తెరుచుకుంది.

తాళం లోపల, దేవుడి దగ్గర ఉంది. గోడను తొలిచి కట్టిన గూడు. దేవుడి పటం వెనక మిగిలింది ఒక్క ఇటుక మందం. దాని అవతలే కారు తలుపు.

"అత్తా, ఇట్ల రా. ఈ తలుపు పట్టుకో."

పాపమ్మ చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని పట్టుకుంది. తలుపు తెరుచుకుంది. "నా చెయ్యి గుర్తుపట్టిందే!" అంది మురిసిపోతూ.

అరుణకుమారి నాగులుకు ఫోను చేసింది. "తాళం దగ్గరుంటే ఈ కారు ఏం చేస్తాది?"

"ఓనరొచ్చినాడని లేచి కూచుంటాదక్కా. లైట్లు, తలుపులు, లోపల కంప్యూటరు, అన్నీ సిద్ధం చేసుకుంటాది."

"రాత్రంతా దగ్గరే ఉంటే?"

"రాత్రంతా మేలుకోనే ఉంటాది. తెల్లారేపాటికి బ్యాటరీ పీల్చేసుకుంటాది. అక్కా, ఇంతకూ తాళం యాడ పెడతన్నారు?"

చెప్పింది. నాగులు నవ్వలేదు. "నేను బ్యాటరీ చూసినా, వైర్లు చూసినా, తాళం యాడుంటాదో అడగనే లేదు. దూరంగా పెట్టుండి. లేకుంటే మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో ఏసినా దానికి అందదు."

దూరంగా అనగానే పాపమ్మ అడ్డం తిరిగింది. "దేవుడి కాడ నించి తీస్తే నేనొప్పుకోను. పొద్దున పెండ్లికి పోయే బండి."

అందుకని డబ్బాలు వచ్చాయి. మొదట ఆవాలు పోసే ప్లాస్టిక్ డబ్బా. అందులో తాళం వేసి గూట్లో పెడితే, బయట కారు తలుపు తెరుచుకుంది. తర్వాత బాలకృష్ణ టిఫిను తీసుకుపోయే స్టీలు డబ్బా. అద్దాలు ముడుచుకునేదాకా ఆగి, పాపమ్మే పోయి పిడి పట్టుకుని లాగింది. మళ్ళీ లాగింది.

"తెరుచుకోలా! ఇందాక తెరిచినావు గదే, ఇప్పుడేమైందే నీకు?" అని కారును అడిగింది. వచ్చి డబ్బా వైపు చూసి, "మరి దేవునికి కనపడొద్దా?" అంది.

"మూత మీద పువ్వు పెట్టత్తా. లోపలేముందో ఆయనకు తెలీదా?"

పాపమ్మ రెండు పువ్వులు పెట్టింది.

దుకాణం కట్టేసి వచ్చిన బాలకృష్ణ అంతా విన్నాడు. "ఉప్మా డబ్బాలో కారు తాళమా?" అన్నాడు. నమ్మలేదు. నాగులు దగ్గర నించి తెచ్చిన వైర్లు, ఇంకో బ్యాటరీ పోర్టికోలో సిద్ధంగా పెట్టుకున్నాడు.

"పెట్టుకోండి. నేను వద్దన్లేదు," అంది అరుణకుమారి. "పొద్దున మొదట మాత్రం నేను నొక్కుతా."

గురువారం పొద్దున తలస్నానం చేసి, డబ్బా మూత తీసి, తాళం పట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. బాలకృష్ణ వైర్లు మెడలో వేసుకుని బానెట్టు పక్కన నిలబడ్డాడు. పాపమ్మ గడపలోనే ఆగిపోయింది. బ్రేకు మీద కాలు పెట్టి బటను మీద వేలు ఉంచాక, అరుణకుమారికి ఒక్కక్షణం నొక్కబుద్ధి కాలేదు. నొక్కనంతసేపూ తను చెప్పింది తప్పు కాదు గదా.

నొక్కింది.

ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకుని, మెత్తగా గురగురమంది.

బాలకృష్ణ మెడలోంచి వైర్లు తీసి చుట్ట చుట్టాడు. వచ్చి కిటికీ మీద మోచెయ్యి ఆనించాడు.

"వచ్చే నెల కొనకనమిట్ల వాళ్ళు అడగతన్నారు. రెండ్రోజుల పెండ్లి. ఒప్పుకోమంటావా?"

దుకాణం తెరిచిన ఇన్నేళ్ళలో ఆయన ఆమెను ఒప్పుకోమంటావా అని అడగడం అదే మొదటిసారి. ఆమె ఏసీ గాలి వచ్చే చోట ఏదో గరగరమంటుంటే, అక్కడ చెవి ఆనించి వింటూ ఉంది.

"ఒప్పుకోండి," అంది తల ఎత్తకుండానే. "పెండ్లి నించి వచ్చినాక మాత్రం ఈ గరగర ఏందో చూడాల. ఎండిన పూరేకేమన్నా దూరిందేమో."