తెల్ల పియొనీలకు వెదురు కర్రలు

మా పిన్ని లాన్‌షియాంగ్‌ది ఎక్కడో పడమట, గాన్సు కొండల్లో ఒక పల్లె. రైలెక్కితే మరునాటికి గాని చేరం. పెళ్ళయి వచ్చాక ఒక్కసారే వెళ్ళింది. ఈ వసంతంలో వాళ్ళ అన్న ఫోన్ చేసి, అమ్మ తిండి మానేసిందని, నీ పేరే పలవరిస్తోందని చెప్పాడు.

బాబాయి చింగ్‌దావ్ రేవులో పని చేస్తాడు. ఇంట్లో మాట నాయనమ్మది. పిన్ని గుర్తింపు కార్డు కూడా నాయనమ్మ పెట్టెలోనే ఉంటుంది. అది లేనిదే రైలు టికెట్ ఇవ్వరు.

పూల రోజుల్లో మా ఊళ్ళో ఎవరూ ఇల్లు కదలరు. అయినా నాయనమ్మ కాదనలేదు. పూల వ్యాపారి ఫాన్ వచ్చేదాకా తోటలో తెల్ల పియొనీ పూల వరుస పడిపోకుండా చూడమని, ఆ రోజే కార్డు ఇస్తానని చెప్పింది.

ఆ తెల్ల పియొనీకి తల బరువు. పువ్వు గిన్నెంత ఉంటుంది, కాడ మాత్రం సన్నం. వాన పడితే రేకుల నిండా నీళ్ళు పట్టి బురదలోకి వాలిపోతుంది. ఏటా సగం వరుస అలాగే పోయేది.

పిన్ని మొదట పత్తి కట్టెలు పాతింది. పువ్వులతో పాటు అవీ ఒరిగాయి. అప్పుడు పాత టమాటా పందిరి విప్పి, వెదురు చీల్చి, ప్రతి పొద చుట్టూ గుచ్చింది. వాటికి దారం చుట్టి, లోపల అడ్డంగా కూడా కట్టింది. దారాల మధ్య ఒక్కో కాడకి ఒక్కో గది ఏర్పడింది.

ఫాన్ వచ్చే ముందు రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. పిన్ని వరుసలోకి దిగి, ఒక్కో పువ్వు కింద అరచెయ్యి పెట్టి, మెల్లగా వంచి నీళ్ళు ఒంపింది. చివరికి వెళ్ళేసరికి మొదటివి మళ్ళీ నిండేవి. నేను సాయం వెళ్ళబోతే నాయనమ్మ ఆపింది.

"నువ్వు లోపలికి రావే, జలుబు చేస్తుంది. దానికి అలవాటే."

గాన్సులో వానలే తక్కువని మా బడి పుస్తకంలో ఉంది.

పొద్దున ఒక్క పువ్వూ వంగలేదు. పిన్ని వాళ్ళమ్మకి ఎండిన ఎర్ర రేగుపళ్ళు మూటగట్టుకుంది.

ఫాన్ వచ్చి వరుస పక్కన గొంతుక్కూర్చున్నాడు. పువ్వులకంటే కట్లనే ఎక్కువసేపు చూశాడు. ఎవరు కట్టారని అడిగాడు.

"మా కోడలు," అంది నాయనమ్మ.

ఆమె నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. అప్పటిదాకా పిన్ని 'ఆ గాన్సుది'. బావి అవతలి గులాబీరంగు పొదలన్నీ ఇలాగే కడితే తోటలో పూలన్నీ తనే కొంటానని చెప్పి ఫాన్ వెళ్ళిపోయాడు.

పిన్ని సంచీతో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నాయనమ్మ ఆ సంచీ తీసుకుని లోపల పెట్టింది.

"ఇంత పనిమంతురాల్ని పూల రోజుల్లో ఎవరు పంపిస్తారే? చేతకానిదానివైతే నిన్ననే పంపేసేదాన్ని."

"మాటిచ్చారు కదా, అత్తయ్యా."

"ఇచ్చాను. వెళ్ళొద్దన్నానా? అవి కూడా కట్టేసి వెళ్ళు."

ఆ రోజు నుంచి పిన్ని కూర్చుని తిన్నది నేను చూడలేదు. ఒక చేత్తో ఆవిరి రొట్టె, పళ్ళ మధ్య దారం. పక్కింటి ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి, గాన్సు వాళ్ళకి బంగాళాదుంపలు తవ్వడమే వచ్చనుకున్నామని నవ్వారు. ఆమె కూడా నవ్వి, ఇంకో కర్ర దించింది.

ఇంకా రెండు వరుసలు మిగిలి ఉండగా నాయనమ్మ ఫోన్ పట్టుకుని తోటలోకి వచ్చింది. వంటకి నీళ్ళు తెమ్మని చెప్పే గొంతుతోనే చెప్పింది.

"మీ అన్న ఫోన్ చేశాడు. పొద్దున్నే పోయిందట. ఇక తొందరేం లేదులే, నిదానంగా కట్టు."

పిన్ని మోకాళ్ళ మీద ఉంది. తలెత్తలేదు. సగం వేసిన ముడి పూర్తిచేసింది.

నాయనమ్మ వంగి ఆ ముడి కింద వేలు దూర్చబోయింది. వేలు పోలేదు.

"బిగించేశావు. కాడ కోసుకుపోతుంది. విప్పి మళ్ళీ కట్టు."

పిన్ని విప్పింది.