పీపాలు కడిగిన నీళ్ళు

మందుల ఫ్యాక్టరీలో అతను పీపాలు కడిగేవాడు. అడుగున అంటుకున్న పచ్చని మందు పొడిని గొట్టంతో కడిగితే, ఆ నీళ్ళు గోడ వెనక కాలవలోకి పోయేవి. పన్నెండేళ్ళుగా అదే పని. మనలో చాలామందిలాగే, అవి ఎక్కడికి పోతాయని అతనూ ఏనాడూ ఆలోచించలేదు.

ఆ కాలవలోనే అతని కూతురు జారిపడింది. మోకాలు చీరుకుంది. చిన్న దెబ్బే కదా అని కట్టు కట్టారు. నాలుగో రోజుకు కాలు వాచిపోయి, పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోయింది. ఆసుపత్రిలో ఒక మందు ఎక్కించారు, పనిచేయలేదు. ఇంకోటి ఎక్కించారు, అదీ అంతే.

"ఇది మీ ఫ్యాక్టరీలో తయారయ్యే మందే," అంది డాక్టరమ్మ, ఖాళీ సీసా చూపిస్తూ. "నీళ్ళలో కొద్దికొద్దిగా కలుస్తుంటే క్రిములు దానికి అలవాటు పడిపోతాయి. ఇక మందు వాటినేమీ చెయ్యలేదు."

"మరి నా బిడ్డ?"

"ఒక్క మందు మిగిలింది. చూద్దాం."

అతను పిల్ల నుదుటి మీద వెయ్యబోయిన చేతిని వెనక్కి తీసుకుని, కుళాయి దగ్గర సబ్బుతో తోముకున్నాడు. మళ్ళీ తోముకున్నాడు.

మూడో మందు పట్టింది. జ్వరం దిగింది. మోకాలు మాత్రం పూర్తిగా వంగదన్నారు.

తిరిగి పనిలోకి వెళ్ళిన రోజే అతను ఫ్యాక్టరీలో మందులు పరీక్షించే గదికి వెళ్ళాడు. అక్కడ పనిచేసే ఆవిడ క్యాంటీన్ తొక్కలు ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో కాల్చి బొగ్గు చేస్తుంది. అందరూ ఆమెను తొక్కలక్క అని ఎగతాళి చేసేవారు. అతనూ నవ్వినవాడే.

"అక్కా, ఆ బొగ్గు నిజంగా నీళ్ళలోని మందును పట్టుకుంటుందా?"

"చాలావరకు పట్టుకుంటుంది. గాజు గొట్టంలో చూశాను. కాలవకి సరిపడా చెయ్యాలంటే బస్తాలు బస్తాలు కావాలి. ఎవరు మోస్తారు?"

"నేను మోస్తాను."

నెల్లాళ్ళు మోశాడు. అరటి తొక్కలు, బత్తాయి తొక్కలు, కాచి పారేసిన టీపొడి. చివరికి బొగ్గు నింపిన తొట్టిని కాలవ ముందు నిలబెట్టారు. నీళ్ళు దాని గుండా పారడం మొదలైన పూటే మేనేజరు వచ్చాడు.

"ఎవర్నడిగి పెట్టారిది? నీళ్ళు నేరుగా కాలవలోకే తిప్పు. లేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

అతను వాల్వు తిప్పలేదు.

"అయ్యా, మీ పిల్లలు ఏ నీళ్ళలో ఆడుకుంటున్నారో మీకు తెలుసా? నా పిల్ల పడేదాకా నాకూ తెలియలేదు."

తొక్కలక్క అప్పుడే చేసిన పరీక్ష కాగితం అందించింది. తొట్టిలోకి వెళ్ళిన మందులో పదోవంతు కూడా బయటికి రాలేదు. మేనేజరు కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"సరే, ఉండనీ. వాడిన బొగ్గు మాత్రం ఎక్కడ పడితే అక్కడ పారబోయకండి," అని వెళ్ళిపోయాడు.

అయినా అతనికి భయం పోలేదు. ఇన్నేళ్ళు వదిలింది వెనక్కి రాదు. ఆ కాలవ దాటేటప్పుడు ఇప్పటికీ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంటాడు. పనిలోకి కొత్తగా ఎవరొచ్చినా ముందు ఆ తొట్టి చూపించి చెబుతాడు:

"మన చేతుల్లోంచి పోయిన నీళ్ళు ఎవరో ఒకరి బిడ్డను తాకుతాయి. శుభ్రం చేశాకే వదలాలి."