రివర్సు మామ సందేహం

విమానం ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని రివర్సు మామ పిన్ను దూర్చాడు. వేలెడంత ఇనుప పిన్ను, దానికి జానెడు ఎర్ర పట్టీ. అది లోపలికి దిగాక చక్రం పైలెట్ మాట వినదు. విమానాన్ని తోసే బండి, అంటే టగ్గు, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. మామ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. లేస్తుంటే నడుము ఏదో ఫిర్యాదు చేసింది, అతను వినిపించుకోలేదు. చక్రానికీ టగ్గుకీ మధ్య తగిలించిన పొడుగాటి ఇనుప కడ్డీని బూటుతో ఒక్క తన్ను తన్ని, గట్టిగానే ఉందనుకుని, ఎక్కి కూర్చున్నాడు.

విమానానికి రెక్కలున్నాయి, రాకాసి ఇంజన్లున్నాయి, మబ్బుల మీద ఎగిరేంత పొగరుంది. కానీ గేటు దగ్గర్నుంచి వెనక్కి కదలాలంటే మాత్రం ఎవరో ఒకరు తోయాలి. ఆ ఎవరో ఒకరు ముప్పై ఏళ్ళుగా ఇతనే. రివర్సు మామ అన్న పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు, ముఖం ఎండకు కమిలి నల్లబడింది. రోజంతా మోత వినపడకుండా పెట్టుకునే డిప్పల కింద చెవులు మాత్రం తెల్లగా ఉండిపోయాయి. ఆ చెవులు ఇంకెవరివో అప్పు తెచ్చుకున్నారని భార్య ఆటపట్టిస్తుంది.

తోశాడు, మలుపు తిప్పాడు, ఆపాడు. దిగి కడ్డీ విప్పాడు, పిన్ను లాగాడు, పైలెట్‌తో మాట్లాడే తీగ పీకాడు. తర్వాత ఓ పక్కకు నడిచి, పైనున్నవాళ్ళకు కనపడేచోట నిలబడి, పిన్ను పైకెత్తి, దాని ఎర్ర పట్టీని రెండో చేత్తో సాగదీసి చూపించాడు. తీసేశాను, ఇక నీ చక్రం నీ చేతిలోనే ఉంది అని దానర్థం. కాక్‌పిట్ కిటికీలో ఒక చెయ్యి ఊగింది. విమానం తన దారిన తాను వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళలో అతను చూసిన పైలెట్లంటే అంతే. తీగలో ఒక గొంతు, కిటికీలో ఒక చెయ్యి. ఆ చేతికి నెలకెంత ఇస్తారన్న సందేహం అతనికి ఉద్యోగంలో చేరిన రోజునుంచే ఉంది. తిండి దగ్గరా గుర్తొచ్చేది, గడ్డం గీసుకుంటుంటే గుర్తొచ్చేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు నిజమే, కానీ పెద్ద జీతగాణ్ణి జీతమెంతని అడగడం ఎట్లా? పైగా ఆ తీగ మీద పని మాటలు తప్ప ఇంకేవీ మాట్లాడకూడదు.

ఇవ్వాళ మాత్రం ఆ సందేహం తీరకపోతే కుదరదు. కారణం కూతురు.

కూతురు లిఫ్టులు బాగుచేస్తుంది. ఈ పనిలో చేరి నాలుగేళ్ళయింది. చేతి గీతల్లో గ్రీజు దిగిపోయి, ఎంత కడిగినా పోదు. ఎక్కడ ఏ లిఫ్టు ఆగినా ఫోను మోగుతుంది, వెళ్తుంది, తిప్పుతుంది, డబ్బు తెస్తుంది. తండ్రి ముప్పై ఏళ్ళకు అందుకున్న జీతాన్ని ఆ పిల్ల మూడేళ్ళకే దాటేసింది. దానికి అతనికి గర్వమే తప్ప ఏడుపు లేదు. అట్లాంటి పిల్ల ఎవరికీ చెప్పకుండా పైలెట్ల బడికి పరీక్ష రాసింది, గెలిచింది, సీటు తెచ్చుకుంది. ఆ చదువుకయ్యే సొమ్ము బ్యాంకు అప్పుగా ఇస్తుంది, కాకపోతే ఇంటి పత్రాలు అక్కడ పెట్టాలి. ఇల్లంటే రెండు గదులూ ఒక బాల్కనీ. అదే వాళ్ళ ఆస్తి మొత్తం. చేరేదీ చేరనిదీ ఇవ్వాళ సాయంత్రానికల్లా బడివాళ్ళకు చెప్పాలి.

"నువ్వు వద్దంటే మానేస్తాను నాన్నా. బాధపడను కూడా," అంది పొద్దున బూట్లు వేసుకుంటూ. బాధపడననే మాట చెప్పేటప్పుడు తలెత్తలేదు. తల్లి మాత్రం, ఇంటి మీద సంతకం మీ నాన్నది, మాటా ఆయనదే అని తప్పుకుంది. ఎవరినైనా అడిగి సాయంత్రం చెప్తానని అతను డ్యూటీకి వచ్చేశాడు.

ముందు క్యాంటీన్లో అడిగాడు. విమానాలకు ఇంధనం పోసే ట్యాంకరు నడిపే, అందరూ బావ అని పిలిచే మనిషి టీ గ్లాసు దించి, పైలెట్ల జీతం వింటే గుండె ఆగుతుందన్నాడు. ఎంతని అడిగితే తెలీదన్నాడు. సామాన్లు ఎక్కించే మేస్త్రి దానికి ఒప్పుకోలేదు. కొత్త పైలెట్ల కన్నా ఓడరేవులో క్రేను తోలేవాడికే ఎక్కువొస్తుందని తన తోడల్లుడి మీద ఒట్టు పెట్టాడు. దూరపు కొండలు నునుపు మామా, దగ్గరికెళ్తే అన్నీ రాళ్ళే అన్నాడు. బావకు కోపమొచ్చింది. అంత లాభముంటే జనం క్రేనుల బడికి ఎందుకు ఎగబడరని నిలదీశాడు.

ఇంతలో చేతులు కడిగే తొట్టి కింద పడుకుని గొట్టం బిగిస్తున్న ప్లంబరు కాళ్ళు కదిలాయి. "పోయిన నెల ఓ పైలెట్ గారింట్లో కుళాయి మార్చాను," అన్నాడు కిందనుంచి. "బేరం ఆడాడండి. నాకన్నా గట్టిగా ఆడాడు."

క్యాంటీనంతా నవ్వింది. దాన్నిబట్టి పైలెట్లకు డబ్బు లేదని మేస్త్రి తేల్చాడు, బేరమాడేవాడి దగ్గరే డబ్బుంటుందని బావ తేల్చాడు. గంట కొట్టేవరకూ ఇద్దరూ ఆ వాదన మీదే ఉన్నారు. నలుగురిని అడిగితే నాలుగు దారులు దొరికాయి గానీ, మామ ఎక్కాల్సిన దారి మాత్రం వాటిలో లేదు. రివర్సు మామ తాగని టీ వదిలేసి లేచాడు.

మధ్యాహ్నం విమానం ఆలస్యమైంది. అవతలి ఊళ్ళో వాన, ఇక్కడ కదలొద్దన్నారు. తలుపులు మూశారు, పిన్ను దూర్చడం అయింది, కడ్డీ తగిలించడం అయింది. అనుమతి వచ్చేదాకా ఎదురుచూడటమే పని. చెవిలో వినపడుతున్న గొంతు ఒక ఆడమనిషిది, ఆ విమానం కెప్టెన్. ఆమె గొంతు అతనికి చాలాకాలంగా తెలుసు. పని అయ్యాక మరిచిపోకుండా ధన్యవాదాలు చెప్పే గొంతు.

మామ గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు అడక్కపోతే ఈ జన్మకు అడగననుకున్నాడు.

"కెప్టెన్ గారూ, ఒక సంగతి అడగొచ్చా? పని మాట కాదు."

"అడగండి. మనకిప్పుడు పనెక్కడుంది?"

"మీకు జీతమెంతండీ?"

ఉద్యోగం ఊడిందనుకున్నాడు మామ. అవతల ఇద్దరి నవ్వు వినపడింది, ఆమెదీ పక్కసీటు పైలెట్‌దీ. ఎవరి కోసం అడుగుతున్నారంది ఆమె. కూతురి సంగతి, లిఫ్టుల సంగతి, ఇంటి పత్రాల సంగతి గబగబా చెప్పేశాడు.

ఆమె నవ్వడం మానేసింది. అంకె చెప్పలేదు గానీ, అంకె కన్నా ఎక్కువే చెప్పింది. చదువు అప్పు తీరేవరకూ మీ అమ్మాయికి ఇప్పుడొచ్చే దాంట్లో సగం మిగిలితే గొప్పంది. తన తమ్ముడు వెల్డింగు చేస్తాడట. మొదటి రోజుల్లో తన అద్దె వాడే కట్టాడట. ఇప్పుడు వాడు ఆరు నెలలు చెమటోడ్చి తెచ్చేది తనకు నెలలో వస్తుంది, అదీ నిజమేనంది. కానీ డాక్టరు ముందు మళ్ళీ మళ్ళీ నిలబడాలి. కన్నో గుండో సరిగా లేదని ఆయన తల అడ్డంగా ఊపితే, ఆ రోజుతో సరి. వాడికి చెవి వినపడకపోయినా వెల్డింగు ఆగదు.

"ఇంకో విషయం తెలుసా? ఇప్పుడిట్లా కూర్చున్నందుకు మా సంస్థ నాకేమీ ఇవ్వదు," అంది. "నేను బ్రేకు వదిలి, మీరు తోయడం మొదలుపెట్టాకే నా జీతం గడియారం తిరుగుతుంది."

రివర్సు మామ టగ్గు పెడలు మీదున్న తన కుడికాలి వంక చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరి జీతమెంతో తెలీక బుర్ర బద్దలుకొట్టుకున్నాడా, ఆ జీతాలన్నీ మొదలుపెట్టింది తన కుడికాలే! తనకేమో టగ్గు మీద కూర్చున్నా జీతమే, దిగి నిలబడ్డా జీతమే. చిన్నపిల్లాడికి కొత్త బొమ్మ దొరికినంత సంబరమేసింది. ఆ సంబరంలోనే అసలు ప్రశ్న బయటికొచ్చింది.

"మరి ఇంత తలనొప్పి పెట్టుకుని ఎందుకు చేస్తున్నారమ్మా ఈ పని?"

ఆమె ఏదో అనబోయింది. ఇంతలో కదలొచ్చని పైనుంచి కబురొచ్చింది. ఆమె గొంతు వెంటనే పని గొంతైపోయింది. బ్రేకు వదిలానంది. సరేనని మామ తోశాడు.

తోశాడు, తిప్పాడు, ఆపాడు. కడ్డీ విప్పి, పిన్ను లాగి, తీగ పీకి, పక్కకు నడిచి నిలబడ్డాడు. ఎర్ర పట్టీ సాగదీసి చూపించాడు. చూపిస్తూ కిటికీ వైపే చూస్తున్నాడు. చెయ్యి ఊగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నాడని అప్పుడు తెలిసింది అతనికి. ఇవ్వాళే కాదు, ఎప్పుడూ అంతే. చెయ్యి ఊగింది. విమానం వెళ్ళింది. అతను మాత్రం ఆ ఎండలో అక్కడే నిలబడిపోయాడు.

క్రేను సంగతి గుర్తొచ్చింది. కూతురు పుట్టిన కొత్తల్లో బావమరిది ఓడరేవులో మాట్లాడి క్రేను పని ఇప్పించాడు. జీతం ఇక్కడిదానికి రెట్టింపు. మామ వారం తిరక్కుండానే వెనక్కొచ్చేశాడు. అంత ఎత్తున తల తిరుగుతోందని ఇంట్లో చెప్పాడు. అప్పట్నుంచీ ఇంట్లో ఏది చెడిపోయినా, ఆ క్రేను ఎక్కుంటే మనకీ గతి పట్టేది కాదని భార్య దెప్పుతూనే ఉంది. నిజానికి తల తిరగలేదు. సరుకు డబ్బాలు ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు, ఏ డబ్బా వెళ్తూ వెళ్తూ తన వంక చూసి చెయ్యి ఊపలేదు. ఇంత చిన్న కారణం చెప్తే ఎవరు నమ్ముతారని అబద్ధమాడాడు. రెట్టింపు జీతం వదులుకున్న మనిషి, కూతురి విషయంలో జీతాల లెక్క అడుగుతూ ఊరంతా తిరుగుతున్నాడు. సిగ్గేసింది అతనికి. ఆ పిల్ల జీతమెంతని ఒక్కసారైనా అడిగిందా?

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కూతురు బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగుతోంది. ఎక్కడో లిఫ్టులో ఓ ముసలావిడ ఇరుక్కుపోయిందట. ఆగి తండ్రి ముఖంలోకి చూసింది. అతను ఆమె బ్యాగు సర్ది, ముందు ఆవిణ్ణి దింపి రా అన్నాడు. పిల్ల ముఖం చిన్నబోయింది. సరేనంటూ దిగిపోయింది.

మామ గబగబా ఇంట్లోకి వచ్చాడు. గుమ్మం పక్కన మేకుకు ఒక పాత పిన్ను వేలాడుతోంది. పట్టీ చిరిగి పనికిరాదని పక్కన పడేస్తే, పైవాళ్ళనడిగి తెచ్చుకున్నది. కూతురు బడికెళ్ళనని కాళ్ళు పట్టుకుని ఏడ్చిన మొదటిరోజు దాన్ని చూపించే సముదాయించాడు. ఇది ఉన్నంతసేపూ బండి నాన్న చేతిలో ఉంటుంది, తీసి చూపించాడంటే ఇక నీ ఇష్టం, నువ్వే పైలెట్ అన్నాడు. అప్పట్నుంచీ రోజూ అతను బాల్కనీలోంచి పిన్ను చూపిస్తే, ఆ పిల్ల సందు మలుపులో ఆగి చెయ్యూపి వెళ్ళేది. పెద్దయ్యాక స్నేహితురాళ్ళు నవ్వారని మానేసింది. పిన్ను మాత్రం మేకుకే ఉండిపోయింది, దాని పట్టీ రాసుకుని సున్నం గోడ మీద ఎర్రటి మరక పడింది.

పిన్ను లాక్కుని బాల్కనీలోకి పరుగెత్తాడు. కూతురు స్కూటరెక్కి బయల్దేరబోతోంది. పేరు పెట్టి కేక వేయలేదు. పిన్ను పైకెత్తి, వెలిసిపోయిన పట్టీని రెండో చేత్తో సాగదీసి నిలబడ్డాడు. అద్దంలో కనపడిందేమో, స్కూటరు సందు మలుపులో ఆగింది. పిల్ల వెనక్కి తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యెత్తి ఊపింది. గ్రీజు చెయ్యి. మామ కళ్ళు నిండిపోయి, ఆ మలుపు ఎప్పుడు తిరిగిందో కనపడలేదు.

వెనక భార్య నిలబడి ఉంది. అతను కళ్ళు తుడుచుకుని, "ఆ క్రేను మీద నాకు తల తిరగలేదే," అన్నాడు.

"తెలుసు."

"తెలిసీ ఇన్నేళ్ళూ దెప్పావా?"

"ఎప్పుడో ఒకప్పుడు చెప్తారు కదాని," అంది ఆవిడ. పెట్టె తెరిచి ఇంటి పత్రాలు తీసి బల్ల మీద పెట్టింది.

నెల తిరగకుండానే కూతురు వెళ్ళింది. ఆ రోజు మామది తెల్లవారుజాము డ్యూటీ, సెలవు దొరకలేదు. పోయిరానా నాన్నా అంటే పోయిరా అన్నాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే గుమ్మం పక్కన ఏదో తేడాగా అనిపించింది. మేకుకు పిన్ను లేదు. దాని చోట ఏ అంతస్తులోనైనా లిఫ్టు తలుపు తెరిచే తాళంచెవి ఉంది, కూతురు మొదటి జీతంతో కొనుక్కున్నది. అది ఉంటే ఎక్కడైనా బతకొచ్చని తెగ చెప్పేది.

తుప్పు పట్టకుండా కాస్త నూనె రాసి ఉంచండి, ఏ డాక్టరు ఎప్పుడు తల అడ్డంగా ఊపుతాడో ఎవరికి తెలుసు అంది వంటింట్లోంచి భార్య. మామ తాళంచెవి తీసి, నూనె గుడ్డతో తుడిచి, మళ్ళీ తగిలించాడు. సున్నం గోడ మీద ఎర్రటి మరక మధ్య, మూడు పలకల కొసతో, ఆ తాళంచెవి కాసేపు ఊగి ఆగింది.