తంగేటిపూవు తంబురశ్రుతి

శరత్కాల ప్రభాతము. పినాకినీ తీరమందలి యెఱ్ఱని మిట్టలపై హిమబిందుసిక్తములైన తంగేడుపొదలు పసుపు గుమ్మరించినట్లు విరగబూచి యుండగా, మందపవనకంపితములైన యా కాంచనదళములలో తుమ్మెదలు రొదసేయుచు దూఱుచుండగా, పట్టణపు కళాశాలయందు వృక్షశాస్త్రము బోధించు శఠకోపాచార్యులు తంబురను భుజమున నిడుకొని రంగులపెట్టెను చంకన నిఱికించుకొని పొదనుండి పొదకు తిరుగుచుండిరి. చూచినవారు పిచ్చిపంతులనిరి. అననిండు!

తంగేటిపూవున పుప్పొడి సన్నని రంధ్రములుగల తిత్తులలో దాగియుండును. విదలించినను రాలదు. తుమ్మెద పూవును పట్టి ఝంకారము చేసిననే రాలును. ఆ ఝంకారము ఏ స్వరమో గాయకులైన యాచార్యుల చెవి పట్టెను. తంత్రిని ఆ శ్రుతికి బిగించి మీటి తంబుర బుఱ్ఱకు పూవు నానించినంతనే పుప్పొడి జలజల రాలెను. పదునొకండేండ్ల తపస్సది! వారి పద్ధతియు వింతయైనది. కొలతలును శ్రుతులును గద్యమున నొక పుస్తకమందు వ్రాయుదురు. పూవు రూపమును చిత్రమున దించుదురు. అది విచ్చు వేళయు దాని నడవడియు చిత్రము క్రింది పద్యమున నుంచుదురు. ఒకచోట చెప్పినది వేఱొకచోట చెప్పరు.

ఆ పదునొకండేండ్లును సాయంవేళ ఆచార్యులు పాడుచుండ తంబుర పట్టి శ్రుతి వేసినవాడు భౌతికశాస్త్రము చెప్పు భీమసేనరావు. ఆచార్యుల యిల్లాలు వకుళమ్మ చేతి దధ్యోదనమును వారమునకు నాలుగుమార్లు భుజించిన ప్రాణమిత్రుడు. అతడొకనాడు, "ఆచార్లగారూ, ఆ కొలతల పుస్తకం ఇటియ్యండి. సాపు రాసి మీ పేరుమీదనే పండితసభకు పంపుతాను. ఈ పద్యాలూ బొమ్మలూ వాళ్ళకెందుకు?" అనెను. ఆచార్యులు పుస్తకమును తెచ్చి యిచ్చిరి.

మూడు నెలలకు సభాహ్వానము వచ్చెను. భీమసేనరావుగారి నూతనావిష్కారమట! ఆచార్యులు పత్రికను వకుళమ్మ చేతికిచ్చిరి. ఔరా, తిన్నయింటి వాసములు లెక్కపెట్టుట యన నిదియే గదా! "నిన్నగూడా మనింట్లో తిన్నాడు గదండీ!" అని వకుళమ్మ కన్నీరు పెట్టుకొనెను.

సభ మధ్యాహ్నమున జరిగెను. భీమసేనరావు తంత్రి మీటి పూవు నానించెను. రాలలేదు. మఱల మీటెను. ఒక్క రేణువైన రాలలేదు. పండితులు ముసిముసినవ్వులు నవ్విరి. చెమటలు గ్రమ్మిన యతని చూపు కడపటి వరుసనున్న యాచార్యులను వెదకెను. ఊరకున్న చాలును, ద్రోహి తాను త్రవ్విన గోతిలో తానే పడును. ఆచార్యుల మనస్సు అట్లే కోరెను. కాని వానితోపాటు పూవును అబద్ధమాడినదగును గదా! ఆచార్యులు లేచిరి.

"పగటిపూట తుమ్మెదలు దోచిన పూలివి. తెల్లవారుజామున, తుమ్మెద ముట్టకముందు కోయాలి. నా పద్యంలో ఉంది."

"పద్యంలోనా!" అని యెవరో పకపక నవ్విరి.

మఱునాటి యుషస్సున తెచ్చిన పూవు భీమసేనరావు చేతినిండ పుప్పొడి రాల్చెను. చప్పట్లు మ్రోగెను. శాలువ అతనికే దక్కెను. అతడు చేయెత్తి చూపుచు, "మా మిత్రులు ఆచార్లగారు మంచి కవులు, మంచి గాయకులు," అని సభకు పరిచయము చేసి, అంతటితో నాపెను. శాస్త్రజ్ఞులన్న మాట యతని నోట రాలేదు. దొంగిలించినదానికంటె ఆ పొగడ్తయే ఆచార్యుల గుండెను కోసెను.

ఆ సాయంకాలము, సిగ్గెగ్గులు లేక, భీమసేనరావు యథాప్రకారము వచ్చి చాపపై కూర్చుండి తంబురకు చేయి చాచెను. ఆచార్యులు దానిని మెల్లగా తమ యొడిలోనికి తీసికొనిరి.

"కాఫీ పుచ్చుకోండి రావుగారూ. శ్రుతి మాత్రం ఇక నేనే వేసుకొంటాను."

ఆచార్యులు తంత్రిని సరిచేసికొని పాటనెత్తుకొనిరి. ఎదుట రావుగారి రిత్తచేతులు మోకాళ్ళపై నుండెను. వాని గోళ్ళసందులలో పుప్పొడి యింకను పసుపుపచ్చగా నుండెను.