పోతరాజు చెంపల మీద చారలు

ఇటు రా బిడ్డా, ఈ నాయనమ్మ పక్కన కూసో. ఆ కండ్లల్ల నీళ్లు తుడవకు, ఉండనియ్యి. మీ నాయన ముచ్చట ఒకటి చెప్తా.

గప్పుడు మేం చిలకలగూడల ఉంటుంటిమి. బోనాల నాడు నా తమ్ముడు వీరయ్య, అమ్మోరి తమ్ముడు పోతరాజు ఏషం వేసేటోడు. ఒళ్లంత పసుపు, చేతిల కొరడా. మీ నాయన పర్వతాలుకు ఐదేండ్లుంటయేమో, "నేను సుత పోతరాజునైత" అని మొండికేసిండు. వాని మామ పసుపు పూసి, ఒక చిన్న కొరడా పేని ఇచ్చిండు.

డప్పులు షురూ కాంగనే వాడు కొరడా ఝుళిపించిండు. అది తిరిగొచ్చి వాని కాలికే తగిలింది! పెదవి వణుకుతున్నది గానీ ఏడుస్తలేడు. గల్లీ పోరగాండ్లేమో "అగో, పోతరాజు ఏడుస్తడ్రో!" అని ఒకటే నవ్వుడు. ఏడిస్తే ఏషం తీసేసి ఇంట్ల కూసోబెడ్తరని వాని భయం.

అప్పుడే నేను బోనమెత్తుకొని గడప దాటిన. నిరుడు బోనాలకు జబ్బు చేసి మంచం దిగలేదు నేను. మళ్ల బోనమెత్తిన నన్ను చూసి వీరయ్య నిలబడ్డకాడనే ఏడ్చిండు. పచ్చటి చెంపల మీద రెండు చారలు పడ్డయి.

"మామా, నీ పసుపు పోయింది!"

"పోతే ఏందిరా? మళ్ల పూసుకుందాం. నీకు నొస్తలేదా?"

అంతే, మీ నాయన గల్లీ అదిరేటట్టు బోరుమన్నడు. బోనం తల మీదనే ఉంచుకొని, నవ్వుకుంట ఇద్దరికీ ఒంటిచేత్తోని పసుపు పూసిన. ఇగ డప్పుల ముందు మామ కన్న వాడే ఎక్కువ ఎగిరిండు!

ఈ ముచ్చట యాది పెట్టుకో బిడ్డా. బడిల ఎవరన్న ఏడుపు మింగుతుంటే వాళ్లకు చెప్పు. మీ నాయన సిగ్గుపడ్తడు గానీ, పడనియ్యి. నువ్వైతే చెప్పు.